వాసన లేని గాలి

పాకాల నుంచి చిత్తూరు పోయే దారిలో ఒక వనస్పతి ఫ్యాక్టరీ. 2002, ఏప్రిల్, మిట్టమధ్యాహ్నం దాటిన వేళ. హైడ్రోజన్ షెడ్డు గోడ నీడలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు ఆదిమూలం, ఆ షెడ్డులో ఇరవైమూడేళ్లుగా ఆపరేటరు. రెండోది నవీన, తిరుపతిలో ఫిజిక్సు పరిశోధన చేస్తున్న అమ్మాయి. పదకొండేళ్ల కిందట ఇదే షెడ్డులో పేలుడుకు చనిపోయిన రాజారత్నం కూతురు. ఆమె ఒళ్లో పొడవాటి గ్రాఫు కాగితం చుట్ట ఉంది.

"ఇరవై దినాల్లో పదిహేడు సార్లు మామా."

"ఏంది పదిహేడు సార్లు?"

"ఈ గీత చూడు. దినమంతా కదలకుండా పోతా ఉంది కదా. ఈడ చూడు, దబుక్కున పడింది. మూడు నిమిషాలు. మళ్లా లేచింది. పక్కన టైము చూడు."

"నాకు అద్దాలు లేవు పాపా."

"రెండూ నలభై. ఈ పక్క దినం చూడు, రెండూ నలభై. దాని పక్కది, రెండూ నలభై ఒకటి."

"గ్యాసు రోంత లీకయి ఉంటాది."

"గ్యాసయితే ఇట్ల పడదు."

"నువ్వు షెడ్డులో కట్టిన ఆ తీగ సంగతి నాకేం తెలుసు? ఎంటిక మాదిరి ఉండాది. దాంట్లో ఏముండాదో, అది ఏం కనిపెడతాదో."

"దాంట్లో వెలుతురు ఉంటాది మామా. అంతే. ఇది గాజు తీగ. ఈ కొసలో వెలుతురు పంపిస్తాం, ఆ కొసన పల్లాడియం అని ఒక లోహం పూత పూసినాం. హైడ్రోజన్ తగిలితే ఆ పూత దాన్ని పీల్చుకుని ఉబ్బుతాది. అప్పుడు తిరిగొచ్చే వెలుతురు తగ్గుతాది. ఆ తగ్గేది ఈ కాగితం మీద గీత."

"కరెంటు?"

"ఈ తీగతో షెడ్డు లోపలికి కరెంటే పోదు. నిప్పురవ్వ పుట్టే మాటే లేదు. దానికోసమే కదా ఇన్ని తిప్పలు."

"గ్యాసు పోయినాక మళ్లా మామూలయిపోతాదా?"

"దగ్గర దగ్గరగా వస్తాది. సరిగ్గా మొదట ఉన్న చోటికి మాత్రం రాదు. మా సారుకు అదే తలనొప్పి."

"బెల్లు ఉండాదా దీనికి?"

"ఇంకా లేదు. వచ్చే నెల పెడతాం."

"పెట్టొద్దు."

"ఏం?"

"ఊరికే. పెట్టొద్దంటే పెట్టొద్దు."

"బెల్లు లేకుండా ఇది ఏమిటికి మామా? సరే, ఆ సంగతి తర్వాత. గ్యాసయితే గీత మెల్లగా దిగుతాది, మెల్లగా లేస్తాది. ఇది అట్ల కాదు. ఎవరో తీగను వేళ్లతో పట్టుకుని వంచినట్టు ఉంది. వంగితే వెలుతురు పక్కకు కారిపోతాది."

"ఎలకలు."

"ఎలకల దగ్గర వాచీ ఉందా?"

"అయితే మీ నాయనే."

"ఏమన్నావు?"

"నేననేది కాదు పాపా. షిఫ్టులో అందరూ అనేదే. మధ్యాన్నం పూట లోపల మనిషి నడిచినట్టు ఉంటాదంట. చెప్పులు లేని కాళ్లతో. కొత్తగా చేరినోళ్లు ఒంటరిగా లోపలికి పోరు, ఇద్దరిద్దరు పోతారు."

"మా నాయనకు ఆదివారం సెలవా మామా?"

"ఆ?"

"మూడు ఆదివారాలు గీత కదల్లేదు. దినామూ వచ్చేవాడు ఆదివారం ఎందుకు రాలేదు? ఆదివారం ఈ షిఫ్టు మునస్వామిది. నీకు సెలవు."

"మీ నాయన మాదిరే అడుగుతావు. మెల్లగా, పక్కనుంచి వచ్చి పట్టుకుంటావు."

"తిట్టేదానికి రాలేదు మామా. తీగ పట్టుకుంటే పట్టుకున్నావు, ఏమీ కాదు. ఎందుకో చెప్పు."

"మోగుతాది."

"ఏం మోగుతాది?"

"బెల్లు. రెండూ నలభై అయ్యేసరికి మోగుతాది. ఆ గోడ మీద నాలుగు మేకులుండాయి సూడు, ఆడ ఉండె బెల్లు పెట్టె. ఇప్పుడు మేకులే ఉండాయి. అయినా మోగుతాది. చెవులు మూసుకున్నా మోగుతాది. ఆదివారం ఇంట్లో పడుకున్నా మోగుతాది. ఈడ ఉంటే పొరక తీసుకుని లోపలికి పోతా."

"పొరక ఏమిటికి?"

"పగటిపూట ఈ గ్యాసు మంట కండ్లకు కనపడదు కదా. పొరక ముందుకు చాపి ఎనక మనిషి నడవాల. పొరక అంటుకుంటే ఆడ మంట ఉండాదని. మాకు నేర్పించినోళ్లు అట్లనే నేర్పించినారు. పోయి ఆ మూల నిలబడతా. నీ తీగ చేతికి తగలతాది, సల్లగా. రోంచేపు పట్టుకుంటా. బెల్లు నిలిచిపోతాది. వచ్చేస్తా."

"డాక్టరుకు చూపించినావా?"

"ఏమని చెప్పేది? ఆ పొద్దు మోగని బెల్లు ఇప్పుడు మోగుతా ఉండాదనా?"

"ఆ పొద్దు మోగలేదా?"

"ఏ పొద్దు?"

"నువ్వే అన్నావు ఇప్పుడు. ఆ పొద్దు మోగని బెల్లు అని."

"ఏదో నోటికొచ్చింది. ఎండ ఎక్కువుండాది, నీళ్లు తాగుతావా?"

"వద్దు. బెల్లు మోగలేదు. మరి గ్యాసు లీకయిందని మా నాయనకు ఎట్ల తెలిసింది?"

"వాసనొచ్చింది కదా. ఎన్నిసార్లు చెప్పలేదు నీకు, ఈ పదకొండేళ్లలో? 'ఆదీ, గ్యాసు వాసన కొడతా ఉండాది, నువ్వీడే ఉండు' అని చెప్పి లోపలికి పోయినాడు. మా తమ్ముడు ధనంజయ లోపల కంప్రెసరు కాడ ఉన్న్యాడు. వాణ్ణి బయటికి లాగబోయి, ఇద్దరూ..."

"ఇదే మాట నేను కాలేజీలో వ్యాసం రాసినా. తిరుపతి హాస్టల్లో గదిలో వాళ్లందరికీ ఇదే చెప్పినా. మీ ఆఫీసులో నాయన ఫోటో కింద ఇదే రాసి ఉంది."

"మరింకేం?"

"మామా, హైడ్రోజన్‌కు వాసన లేదు."

గోడ అవతల కంప్రెసరు ఒకే తీరున కొట్టుకుంటూ ఉంది.

"వంట గ్యాసుకు ఉండేది కూడా దాని సొంత వాసన కాదు, కలుపుతారు. దీనికి కలపరు. కలిపితే మీ నికెల్ పొడి చెడిపోతాది, నూనె గడ్డ కట్టదు. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నేను పరిశోధనలో చేరిన మొదటి వారం, సారు చేతికిచ్చిన మొదటి పుస్తకంలో మొదటి పేజీ. అది చదివి రెండు దినాలు నాకు అన్నం పోలేదు."

"నూనె కంపు అయ్యుంటాది."

"పద్నాలుగేళ్లు ఈ షెడ్డులో ఉన్న మనిషి నూనె కంపును గ్యాసు వాసన అంటాడా?"

"కంగారులో అని ఉంటాడు."

"నువ్వు ఇరవైమూడేళ్లుగా ఉండావు. వాసన లేదని నీకు తెల్దా మామా?"

"తెలుసు."

"తెలిసే చెప్పినావు."

"చెప్పినా."

"విచారణకొచ్చినోళ్లు నమ్మినారా?"

"బయటి నుంచి వచ్చినాయనకు తెల్దు, చెప్పింది రాసుకున్న్యాడు. మేనేజరుకు తెలుసు. ఆయన గమ్మున ఉండిపోయినాడు. బెల్లు సరిగా పనిచెయ్యలేదని మేము రెండేళ్లుగా రాసిచ్చిన కాగితాలన్నీ ఆయన సొరుగులోనే ఉండె. ఆయనకూ ఈ కతే బాగుండె."

"నాలుగేళ్లు అయింది మామా నాకీ సంగతి తెలిసి. నాలుగేళ్లు ఒకటే ఆలోచన. ఈ తీగ పెట్టి చూసేదానికి సారు వేరే ఫ్యాక్టరీ చూసినాడు. నేనే ఈడికి కావాలని పట్టుబట్టినా. నీతో ఒక దినం ఇట్ల కూర్చోవాలని."

"దానికోసమా ఇంత దూరం వచ్చింది?"

"దానికోసమే. నువ్వే పంపినావు కదా మా నాయనను లోపలికి? చెప్పు."

"అవును. నేనే పంపినా."

"ఏమని పంపినావు?"

"పోయి సూసి రమ్మని."

"బెల్లు ఎందుకు మోగలేదు?"

"వైరు పీకేసినా."

"నువ్వా?"

"నేనే. ఇంగ చాలా? అడిగిందానికి చెప్పినా కదా. మీ యమ్మకు చెప్పుకో, మేనేజరుకు చెప్పుకో. నాకింక రెండేళ్లే సర్వీసు."

"ధనంజయ మామ లోపల ఉన్న్యాడు. బెల్లు వైరు పీకేసి సొంత తమ్ముణ్ణి లోపలికి పోనిచ్చినావా?"

"వాడు పోయింది నాకు తెల్దు."

"సరే, తెల్దు. లీకు ఉన్నట్టు తెలుసా?"

"తెల్దు."

"లీకు సంగతి తెల్దు, లోపల తమ్ముడున్న సంగతి తెల్దు. మరి ఏం చూసి రమ్మని పంపినావు మా నాయనను?"

"కోర్టులో నిలబెట్టినట్టు అడుగుతా ఉండావే!"

"పదకొండేళ్లు ఒకే అబద్ధం చెప్పినావు మామా. ఈ పొద్దు రెండోది అల్లను చాతకాకుండా ఉంది నీకు."

"లెయ్యి పాపా. మీ యమ్మ ఎదురుసూస్తా ఉంటాది."

"అమ్మకు ప్యాకింగులో నాలుగున్నర దాకా షిఫ్టు. నువ్వే చేర్పించినావు, నీకు తెల్దా? వైరు పీకింది ఎవరు?"

"నేనంటి కదా."

"ఎవరు మామా?"

"ఎన్నిసార్లు చెప్పేది? నేనే, నేనే."

"దేవకమ్మత్త ముందర చెప్తావా?"

"ఆ యమ్మనేమిటికి ఈడికి తెస్తావు?"

"ధనంజయ మామ భార్య. పదకొండేళ్లుగా నీ ఇంట్లో ఉంది, నీకు వడ్డిస్తా ఉంది. పద, పోదాం. వైరు పీకింది నేనే, నీ మొగుడు పోయింది నా వల్లనే అని ఆమె ముందర చెప్పు. నేను నమ్ముతా."

"అది నా వల్ల కాదు."

"ఎందుకు కాదు? నాకు చెప్పగలిగినావు కదా."

"నేను పీకలేదు కాబట్టి."

నవీన కాగితం చుట్టను ఒకసారి విప్పి, మళ్లీ చుట్టింది.

"మా నాయన. నాయనే పీకినాడు."

"అందరం పీకేదే పాపా. నువ్వు అట్ల చూడొద్దు. ఆ బెల్లు ఆవిరి తగిలితే మోగేది, వోల్టేజి తగ్గితే మోగేది, బల్లి పాకినా మోగేది. మోగినప్పుడల్లా పోయి బటను నొక్కాల. నొక్కేది ఆలస్యమయితే మేనేజరు ఉరికొస్తాడు, మెమో ఇస్తాడు. భోజనానికి పోవాలన్నా పీకేది, దొడ్డికి పోవాలన్నా పీకేది. ఆ పొద్దు మీ నాయన పది నిమిషాలు బయటికి పోవాల్సి వచ్చింది. 'ఆదీ, వైరు తీసేసినా, రోంత చూసుకో, ఇప్పుడే వస్తా' అన్న్యాడు. నేను సరే అంటి. సరే అని చెప్పి, నీళ్లలోంచి గ్యాసు తీసే సెల్లు రూములోకి పోయినా, తొట్లలో నీళ్లు పోసేదానికి. వైరు వాడిది, నేను కాదనను. ఆ సరే మాత్రం నాది. దాన్ని యాడ దించుకోవాల్నో తెలీక మోసుకుని తిరుగుతా ఉండా."

"బయటికి యాడికి పోయినాడు?"

"ఏదో పని."

"ఏం పని?"

"గేటు దాకా."

"గేటు దగ్గర ఏముంది?"

"టీ బంకు ఉండె అప్పట్లో."

"టీ తాగేదానికా?"

"అనుకో."

"తర్వాత?"

"తర్వాతేముండాది, వద్దులే."

"తర్వాత ఏమయింది మామా? నువ్వు చూసినావా?"

"సెల్లు రూము కిటికీలోంచి చూస్తి. మా ధనంజయ ఫిట్టరు కదా. కంప్రెసరు కాడ బోల్టు ఒకటి వదులయిందని ఎవరో చెప్పింటే వచ్చినాడు. బెల్లు మోగలేదు, అంటే గ్యాసు లేదనే కదా. లోపల వాడాల్సింది నిప్పురవ్వ రాని ఇత్తడి పానా. అది స్టోర్సులో ఉండె. అంత దూరం ఎవరు పోతారని ఇనప పానాతోనే లోపలికి పోయినాడు. మీ నాయన అప్పుడే గేటు కాడి నుంచి వస్తా ఉన్న్యాడు. నిమ్మళంగా, తల తుడుచుకుంటా, ఏదో పెద్ద పని అయిపోయినట్టు నవ్వుకుంటా. షెడ్డు తలుపు తీసి ఉండేది చూసినాడు. లోపల మావాడి ఈపు కనిపించింటాది."

"అప్పుడు?"

"ఒకటే పరుగు. 'ధనా, వద్దురా, ధనా, వద్దురా' అని అరుచుకుంటా. చెప్పులు ఊడి దావలో పడిపోయినాయి. బయట ఉండే మనిషి పాపా. బతికి ఉండే మనిషి. ఆడే నిలబడి అరిచినా ఎవరూ తప్పుపట్టరు. లోపలికి పోయినాడు."

"పరిగెత్తినాడా? నిజంగానా?"

"నా తమ్ముడి మీద ఒట్టు. అది అబద్ధం కాదు. కాపాడబోయి పోయినాడని రాసుండారే, అది అబద్ధం కాదు."

"మంట..."

"మంట లేదు. మంట కనపడలేదు. మీ నాయన చొక్కా చెయ్యి ఒకటి నల్లబడింది, కాగితాన్ని సెగ దగ్గర పెడితే నల్లబడినట్టు. వాడు దాన్ని చూసుకున్న్యాడు. నాకు కనిపించింది అంతే. ఆ తర్వాత రేకులు లేచిపోయినాయి. అప్పుడు టైము రెండూ నలభై."

"నీళ్లు ఇవ్వు మామా."

"ఇందా. మెల్లగా తాగు. అందుకే చెప్పనంటి. అడిగి అడిగి తెచ్చుకున్నావు."

"మా నాయన వల్ల నీ తమ్ముడు పోయినాడు."

"అట్ల అనొద్దు."

"ఇంకెట్ల అనాల? మీ ఆఫీసులో మా నాయన ఫోటో ఒకటే ఉంది. ఏటా మే నెలలో నువ్వే మాల వేస్తావు. ధనంజయ మామ ఫోటో యాడ ఉంది?"

"ఇంట్లో ఉండాది. దానికీ వేస్తా."

"ఎట్ల వేస్తావు మామా? ఆ మాల పట్టుకుని, అంతా తెలిసి, మా నాయన మెడలో ఎట్ల వేస్తావు?"

"మొదటి ఏడు వెయ్యలేకపోతి. ఒంట్లో బాగలేదని చెప్పి పోలేదు. రెండో ఏడు నీకు ఇంటర్లో మార్కులొచ్చినాయని మీ యమ్మ షెడ్డుకు మైసూరుపాకు తెచ్చింది. ఆ ఏడు వేసినా."

"దేవకమ్మత్తకు తెల్దు కదా?"

"తెల్దు. ఆ యమ్మ, మీ యమ్మ ప్యాకింగులో ఒకే బల్ల కాడ కూర్చుంటారు, ఒకే క్యారేజీలో తింటారు. తెలిస్తే ఆ అన్నం గొంతు దిగతాదా ఇద్దరికీ?"

"దానికోసమా ఇదంతా? లేదంటే మా అమ్మకు ఉద్యోగం కోసమా?"

"ఉద్యోగం ఎట్లన్నా ఇచ్చేవాళ్లు. పోయినోళ్ల ఇంటికొకటి ఇచ్చేది ముందు నుంచీ ఉండేదే."

"మరి ఎందుకు? వైరు సంగతి దాచాలంటే నోరు మూసుకుంటే చాలు. బెల్లు పెట్టె ఎట్లాగూ కాలిపోయింది. వాసన అని ఎందుకు కల్పించినావు? గ్యాసులో పుట్టి పెరిగినోడివి, ఇంత తెలివితక్కువ అబద్ధం ఎట్ల తట్టింది నీకు?"

"నాకు తట్టలేదు."

"ఏమి?"

"ఆ మాట నాది కాదు పాపా. గ్యాసంటే వాసన వస్తాదని ఎవరనుకుంటారు? వంటింట్లో సిలిండరు చూసినోళ్లు అనుకుంటారు."

"అమ్మ."

"చిత్తూరు ఆసుపత్రి వరండాలో. లోపల ఇద్దరినీ గుడ్డ కప్పి పెట్టి ఉండారు. నేను ఓర్చుకోలేకపోతి. వైరు సంగతి, నేను సరే అనింది, వాడు గేటుకు పోయింది, అంతా చెప్పేస్తి మీ యమ్మకు. ఏడుస్తా ఉండే మనిషి నిలిపేసింది. ఒక్క చుక్క లేదు కండ్లల్లో. శానాసేపు గోడ చూస్తా కూర్చునింది. ఆ తర్వాత తనే చెప్పింది, ఎవరడిగినా ఈ మాట చెప్పన్నా అని. దానికి వాసన లేదమ్మా అని నేను చెప్పబోతి. చెప్పలేకపోతి."

"పదకొండేళ్లు! పండక్కి, పబ్బానికి, నేను పరీక్షకు పోయే ప్రతిసారీ చెప్పింది ఆ కత. అంతా తెలిసి నాకు ఎందుకు మామా?"

"నీకోసమే."

"మా నాయన గొప్పోడని నేను అనుకోవాలనా? వైరు పీకినాడంటే నేను ఆయన్ను వదిలేస్తానా? టీ తాగేదానికి పోయినాడంటే నాకేం తక్కువ అవుతాది?"

"టీ కాదు."

"ఏమి?"

"మీ నాయన టీ తాగడు పాపా. నువ్వే మర్చిపోయినావు."

"మరి ఎందుకు పోయినాడు గేటు దగ్గరికి?"

"పొద్దు వాలతా ఉండాది. పోదాం."

"మామా. అంతా చెప్పి ఇది ఒక్కటి దాస్తావా? నేను చిన్నపిల్లను కాదు. ఎందుకు పోయినాడు?"

"తిరుపతి బస్సు గేటు కాడ నిలుస్తాది కదా... నీ హాస్టలు కాలేజీ అప్లికేషనుకు మరుసటి దినమే ఆఖరు. ఆ కవరు డ్రైవరు చేతికిచ్చి, కాలేజీ ఆఫీసులో చేర్చమని బతిమాలేదానికి పోయినాడు. 'అన్నా, ఈ సంగతి తెలిస్తే నా బిడ్డ ఆ కాలేజీ గడప తొక్కదు, ఇంక జన్మలో పుస్తకం ముట్టదు' అనింది మీ యమ్మ."